ఒక రూట్ దొరికాక మిగతావి ఎలా పట్టుకోవాలి: డిఫ్లేషన్ చేసే పద్ధతి

న్యూటన్ రాఫ్సన్‌తో (ఒక ఊహతో మొదలై, ప్రతిసారీ ఫంక్షన్ విలువను దాని డెరివేటివ్‌తో భాగించి తీసేస్తూ దగ్గరయ్యే పద్ధతి) ఒక రూట్, అంటే సమీకరణాన్ని సున్నా చేసే విలువ, వచ్చింది. రెండోదాని కోసం వేరే చోట మొదలుపెట్టినా లెక్క తిరిగి తిరిగి ఆ పాత రూట్ దగ్గరికే వస్తోంది, ఏం చేయాలి? మ్యాట్రిక్స్‌తో గుణించినా దిక్కు మారని వెక్టర్ ఐగెన్ వెక్టర్, అది ఎన్ని రెట్లయిందో అదే ఐగెన్ విలువ. పవర్ మెథడ్‌తో, అంటే ఒక వెక్టర్‌ను మ్యాట్రిక్స్‌తో మళ్లీ మళ్లీ గుణిస్తూ పోతే, అన్నిటికన్నా పెద్ద ఐగెన్ విలువ వచ్చింది, రెండోది ఎలా తీయాలి? నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఇంజినీరింగ్, ఎమ్మెస్సీ చదివేవాళ్లు న్యూమరికల్ మెథడ్స్ పరీక్ష దగ్గరపడగానే అడిగేవి ఈ రెండే. రెండింటికీ జవాబు డిఫ్లేషన్. దొరికినదాన్ని లెక్కలోంచి తీసేసి, మిగిలిన చిన్న లెక్కలో తక్కినవి వెతకడమే ఆ పని. తీసేయడం రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఎంత శుభ్రంగా తీశారు, ఏ వరసలో తీశారు, వచ్చిన జవాబును ఎక్కడ సరిచూశారు అనే మూడు చోట్లే మార్కులు పోతుంటాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

కాసియో ఎఫ్‌ఎక్స్-991 రకం కాలిక్యులేటర్ ఒకటి చాలు. లెక్క మొదట ఇచ్చిన సమీకరణాన్నో మ్యాట్రిక్స్‌నో కాగితం పైభాగంలో విడిగా రాసి గీత కొట్టి పెట్టుకోండి, చివరిదాకా దానితో పని ఉంటుంది. జవాబు ఎన్ని దశాంశాలకు కావాలో ముందే అనుకుని, మధ్యలో లెక్కంతా ఇంకో రెండు మూడు దశాంశాలు ఎక్కువగా ఉంచండి. నాలుగు దశాంశాల జవాబు కావాలంటే రూట్‌ను నాలుగు దశాంశాలకే కుదించి భాగించకూడదు.

కింద తెలియని రాశి య, దొరికిన రూట్ ర. ఇచ్చిన బహుపది విలువ ఫ, దాని డెరివేటివ్ విలువ ఫ′.

మొదటి భాగం: బహుపదిలోంచి రూట్ తీసేయడం

మాగుంట లేఅవుట్‌లోనో ఒంగోలు కర్నూలు రోడ్డులోనో కనిపించే జీ ప్లస్ టూ ఇల్లు తీసుకుందాం. 1967లో ఒంగోలును కుదిపినలాంటి భూకంపం వస్తే ఆ ఇల్లు ఏ పౌనఃపున్యాల దగ్గర ఊగుతుందో చూడాలి. మూడు స్లాబులూ ఒకే బరువు, అంతస్తుల మధ్య స్తంభాల స్టిఫ్‌నెస్ అన్నిచోట్లా ఒకటే అనుకుంటే లెక్క ఈ సమీకరణం దగ్గర ఆగుతుంది:

య³ − 5య² + 6య − 1 = 0

ఇక్కడ య అంటే స్లాబు ద్రవ్యరాశిని కోణీయ పౌనఃపున్యం వర్గంతో గుణించి స్టిఫ్‌నెస్‌తో భాగించగా వచ్చేది. మూడు రూట్లకు మూడు ఊగే తీరులు.

1. అన్నిటికన్నా చిన్న రూట్‌ను ముందు పట్టండి. సున్నా దగ్గర మొదలుపెడితే సాధారణంగా అదే వస్తుంది. ఇక్కడ న్యూటన్ రాఫ్సన్ నడక: 0, 0.166667, 0.197065, 0.198061, 0.198062. చిన్నదే ముందు ఎందుకో కాసేపట్లో చూద్దాం.

2. గుణకాలను పెద్ద ఘాతం నుంచి వరసగా రాయండి. లేని పదానికి సున్నా తప్పకుండా పెట్టాలి. య³ − 2య − 5 అయితే 1, 0, −2, −5. ఈ సున్నా మరిచిపోవడమే పేపర్లలో ఎక్కువగా కనిపించే పొరపాటు. అప్పుడు లెక్క ఎక్కడా ఆగదు, శేషం మాత్రం భారీగా వస్తుంది.

3. సింథటిక్ డివిజన్ చేయండి. మొదటి గుణకాన్ని అలాగే దించి, దాన్ని రూట్‌తో గుణించి పక్క గుణకానికి కలపాలి. వచ్చినదాన్ని మళ్లీ రూట్‌తో గుణించి ఆ తర్వాతిదానికి కలపాలి.

గుణకాలు: 1, −5, 6, −1
కలిపేవి: 0.198062, −0.951081, 0.999999
ఫలితం: 1, −4.801938, 5.048919, శేషం −0.000001

కాలిక్యులేటర్ మీద దీనికి సులువు దారి ఉంది. రూట్‌ను మెమరీ ఎ లో దాచండి. 1 కొట్టి ఈక్వల్ నొక్కండి. తర్వాత ఆన్స్ × ఎ − 5, ఈక్వల్. ఆన్స్ × ఎ + 6, ఈక్వల్. ఆన్స్ × ఎ − 1, ఈక్వల్. ప్రతి ఈక్వల్ దగ్గరా తెరమీద ఉన్నది కాగితం మీదికి ఎక్కించండి, కానీ కాగితం మీది అంకెను మళ్లీ కాలిక్యులేటర్‌లో కొట్టకండి. అలా కొట్టిన ప్రతిసారీ చివరి అంకెలు తెగిపోతాయి.

4. శేషం చూడండి. ఇది సున్నా కావాల్సిందే, ఉత్త చేతి లెక్కలో సున్నాకు దగ్గరగా వస్తుంది. "ఎంత దగ్గరగా వస్తే చాలు?" అని అడుగుతుంటారు. శేషాన్ని ఆ రూట్ దగ్గరి ఫ′ తో భాగించండి, రూట్‌లో ఉన్న తప్పు సుమారుగా అంతే. అది మీకు కావలసిన దశాంశాలకన్నా బాగా చిన్నదిగా ఉంటే ముందుకు వెళ్లండి. లేకపోతే ఆ భాగఫలాన్ని రూట్‌లోంచి తీసేసి డివిజన్ మళ్లీ చేయండి.

5. ఇంకో తనిఖీ నోటి లెక్కే. భాగించాక వచ్చిన చివరి గుణకం, మొదటి సమీకరణపు స్థిర పదాన్ని రూట్‌తో భాగించి గుర్తు మారిస్తే వచ్చేదానితో సరిపోవాలి. 1 ÷ 0.198062 = 5.04892. సరిపోయింది.

6. మిగిలింది వర్గ సమీకరణం: య² − 4.801938య + 5.048919 = 0. సూత్రంతో 3.246979, 1.554959 వస్తాయి. అసలు విలువలు 3.246980, 1.554958. చివరి అంకెలో ఒకటి తేడా ఉంది, దాన్ని కింది అడుగులో సరిచేస్తాం.

7. మెరుగుపెట్టడం. దీన్ని చాలామంది వదిలేస్తారు, వదలకూడదు. వర్గ సమీకరణం ఇచ్చిన ప్రతి రూట్‌ను మొదలుగా తీసుకుని, మొదట ఇచ్చిన ఘన సమీకరణం మీదే ఒకటి రెండుసార్లు న్యూటన్ రాఫ్సన్ నడపండి. చిన్నదైన సమీకరణం రూట్ ఎక్కడుందో ఆచూకీ చెప్పడానికి మాత్రమే పనికొస్తుంది, తుది జవాబు రాయాల్సింది మొదటి సమీకరణం నుంచే.

ఈ ఏడో అడుగు ఎంత పని చేస్తుందో చూడాలంటే కావాలనే మోటు రూట్ వాడి చూడండి. 0.198062 బదులు 0.2 పెట్టండి. ఫలితం 1, −4.8, 5.04, శేషం 0.008. వర్గ సమీకరణం రూట్లు 1.551472, 3.248528. మొదటిది మూడో దశాంశంలోనే పక్కకు జరిగింది. ఈ రెండు రూట్ల దగ్గరా మొదటి సమీకరణం విలువ ఫ లెక్కగట్టండి. రెండు చోట్లా అదే 0.008 వస్తుంది. భాగించడంలో మిగిలిన శేషమే అక్కడ బయటపడుతుంది కాబట్టి అలా రాకపోతే మీ డివిజన్‌లోనో వర్గ సమీకరణం లెక్కలోనో తప్పు ఉన్నట్టే. ఇక ఒక్కసారి మెరుగుపెట్టండి: 1.551472 దగ్గర ఫ′ −2.293524, కాబట్టి 0.008 ÷ −2.293524 తీసేస్తే 1.554960. రెండోది 3.246982. ఒక్క అడుగుతో తప్పు మూడో దశాంశం నుంచి ఆరో దశాంశానికి వెళ్లింది. మొదటి రూట్ 0.2 కూడా అంతే: 0.008 ÷ 4.12 తీసేస్తే 0.198058.

అన్నీ అయ్యాక మూడు రూట్ల మొత్తం 5, లబ్ధం 1 వచ్చాయో లేదో చూడండి. మొత్తం ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి. వర్గ సమీకరణం రూట్ల మొత్తం దాని గుణకంలోంచే వస్తుంది కాబట్టి, 0.2 లాంటి తప్పు రూట్‌తో కూడా మొత్తం ఠంచనుగా 5 వస్తుంది. లబ్ధమే దొంగను పట్టిస్తుంది: 0.2 × 5.04 = 1.008.

వరస తప్పితే ఏమవుతుంది

రూట్లు ఒకదానికొకటి దగ్గర పరిమాణంలో ఉంటే ఏ వరసలో తీసినా మెరుగుపెట్టి బయటపడొచ్చు. పరిమాణాల్లో బాగా తేడా ఉన్నప్పుడు మాత్రం వరసే లెక్కను నిలబెడుతుంది, లేదా కూల్చేస్తుంది. రూట్లు 1000, 1, 0.001 ఉన్న సమీకరణం ఇదీ:

య³ − 1001.001య² + 1001.001య − 1 = 0

పెద్ద రూట్ ముందు దొరికింది అనుకోండి, అదీ 1000.001 అని. పది లక్షల్లో ఒక వంతు తప్పు, ఎవరైనా "బ్రహ్మాండంగా వచ్చింది" అంటారు. పైన చెప్పినట్టే భాగించండి: 1, −1.000, 1.000. అంటే య² − య + 1 = 0. దీనికి వాస్తవ రూట్లే లేవు. 1, 0.001 అనే రెండు మంచి రూట్లు సంకీర్ణ సంఖ్యలైపోయాయి. ఇక్కడ శేషం దాదాపు 999 వస్తుంది, నాలుగో అడుగు చేసినవాళ్లు ఇక్కడే ఆగుతారు. కానీ శేషం ఇంత పెద్దగా వచ్చినా రూట్‌లో తప్పు 0.001 మాత్రమే, ఎందుకంటే అక్కడ ఫ′ దాదాపు పది లక్షలు.

ఇప్పుడు చిన్న రూట్‌ను ముందు తీయండి, అదీ వెయ్యిలో ఒక వంతు తప్పుతో 0.001001 అని. ఫలితం 1, −1000.999999, 999.998999. దీని చిన్న రూట్ 0.999999, పెద్దది 1000. మోటు రూట్‌తో భాగించినా మిగతావి చెక్కుచెదరలేదు.

పెద్ద రూటే ముందు దొరికి, చిన్నది ఎంతకీ పట్టుబడకపోతే భాగహారాన్ని వెనకనుంచి చేయండి. స్థిర పదం దగ్గర మొదలుపెట్టి పెద్ద ఘాతం వైపు వెళ్లాలి:

స్థిర పదం: −(−1) ÷ 1000.001 = 0.000999999
య గుణకం: (0.000999999 − 1001.001) ÷ 1000.001 = −1.000999
య² గుణకం: (−1.000999 + 1001.001) ÷ 1000.001 = 0.999999, దీన్ని 1గా తీసుకోండి

ప్రతిసారీ అంతకుముందు వచ్చినదాంట్లోంచి సమీకరణంలోని గుణకాన్ని తీసేసి రూట్‌తో భాగిస్తున్నాం. వచ్చిన య² − 1.000999య + 0.001 = 0 కు రూట్లు 0.999999, 0.001. అదే తప్పుడు 1000.001 ఇక్కడ హాని చేయలేదు. గుర్తుంచుకోవాల్సింది ఇంతే: చిన్నదాన్ని తీసేటప్పుడు ముందునుంచి, పెద్దదాన్ని తీసేటప్పుడు వెనకనుంచి. ఈ సంగతి న్యూమరికల్ లెక్కల్లో తప్పులు ఎలా పెరుగుతాయో పరిశీలించిన విల్కిన్సన్ విశ్లేషణలో తేలింది. జెంకిన్స్, ట్రాబ్ 1970లో ఇచ్చిన పేరున్న పద్ధతి కూడా చిన్న రూట్లనే ముందు పట్టేలా కట్టినదే.

సంకీర్ణ జంట, జంట రూట్ వచ్చినప్పుడు

గుణకాలన్నీ వాస్తవ సంఖ్యలైతే సంకీర్ణ రూట్లు జంటగానే వస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా తీయకండి, రెండింటినీ కలిపి వర్గ కారణాంకంగా తీయండి. 1 + 2ఐ దొరికితే దాని జంట 1 − 2ఐ. కారణాంకం య² − 2య + 5. భాగించేటప్పుడు ముందుదాన్ని 2తో, దానికి ముందుదాన్ని −5తో గుణించి రెండూ కలపాలి. అంటే గుర్తులు తిరగబడతాయి. −2, 5 అని కారణాంకంలో ఉన్నట్టే వాడేసేవాళ్లే ఎక్కువ.

1, −5, 13, −19, 10 గుణకాల మీద చేసి చూడండి:
1
−5 + 2×1 = −3
13 + 2×(−3) − 5×1 = 2
−19 + 2×2 − 5×(−3) = 0
10 + 2×0 − 5×2 = 0

చివరి రెండూ సున్నా, మిగిలింది య² − 3య + 2. రెండు శేషాలూ చూడాలి, ఒక్కటి సున్నా అయితే చాలదు.

జంట రూట్, అంటే ఒకే రూట్ రెండుసార్లు రావడం, దాని సంగతి వేరు. న్యూటన్ రాఫ్సన్ నడక నత్తనడకగా మారి, ప్రతి అడుగులో తప్పు సగమే తగ్గుతుంటే, ఫ′ కూడా సున్నా వైపు పోతుంటే అది జంట రూట్. పది అంకెల కాలిక్యులేటర్‌లో అక్కడ ఐదు అంకెలే నమ్మదగినవి. ఫ′ = 0 అనే సమీకరణం మీద ఆ రూట్‌ను వెతికితే పూర్తి అంకెలు వస్తాయి. తర్వాత దానితో రెండుసార్లు భాగించండి.

భాగించకుండానే తీసేయడం

గుణకాలను ముట్టుకోకుండా పాత రూట్‌ను పక్కన పెట్టే దారి ఇంకొకటి ఉంది, మేలీ 1954లో ఇచ్చినది. ప్రోగ్రాం రాసేవాళ్లకు దీన్నే సిఫారసు చేస్తాను. కొత్త య ఇలా వస్తుంది:

కొత్త య = య − 1 ÷ [ ఫ′/ఫ − 1/(య − ర) ]

రూట్లు ఎన్ని దొరికితే అన్ని 1/(య − ర) లు తీసేయాలి. ఫ, ఫ′ ఎప్పుడూ మొదటి సమీకరణం నుంచే. మన ఇంటి లెక్కలో ర = 0.198062, య = 1 దగ్గర ఫ = 1, ఫ′ = −1. కాబట్టి −1 − 1.246979 = −2.246979, కొత్త య 1.445042. తర్వాత 1.548639, 1.554935, 1.554958. పాత రూట్‌లో చిన్న తప్పు ఉన్నా కొత్త రూట్‌లోకి అది ఎక్కదు, ఎందుకంటే చివరికి ఫ సున్నా అయ్యే చోటే నడక ఆగుతుంది. మొదలుపెట్టే చోటును పాత రూట్ మీదే పెట్టకండి, సున్నాతో భాగించినట్టవుతుంది.

ఇది బహుపది కాని సమీకరణాలకు కూడా పనికొస్తుంది. బాల్కనీలా ఒకవైపే బిగించిన దూలానికి వచ్చే కాస్ య × కాష్ య + 1 = 0 తీసుకోండి (కాష్ అంటే హైపర్‌బోలిక్ కొసైన్). మొదటి రూట్ 1.8751, రెండోది 4.6941. మొదటిది తీసేసి వెతికితే ఒక్కోసారి −1.8751 వచ్చి కూర్చుంటుంది. ఈ ఫంక్షన్‌కు కుడి ఎడమలు ఒకటే, రూట్ ఒకవైపుంటే రెండోవైపూ ఉంటుంది. కాబట్టి 1.8751, −1.8751 రెండింటినీ తీసేసి వెతకాలి. కాష్ విలువలు త్వరగా కొండలా పెరుగుతాయి. సమీకరణాన్ని ముందే కాష్‌తో భాగించి కాస్ య + 1/కాష్ య = 0 గా రాసుకుంటే అంకెలు అదుపులో ఉంటాయి.

రెండో భాగం: మ్యాట్రిక్స్‌లోంచి ఐగెన్ విలువ తీసేయడం

పరీక్షల్లో తరచూ కనిపించే మ్యాట్రిక్స్ ఇది, సౌష్ఠవమైనది (వికర్ణానికి రెండువైపులా అవే అంకెలు):

2 −1 0
−1 2 −1
0 −1 2

పవర్ మెథడ్‌ను 1, 1, 1 తో మొదలుపెడితే 1, 0, 1 వచ్చి, తర్వాత 1, −1, 1 కు, 3, −4, 3 కు, 5, −7, 5 కు వెళుతుంది. ఇక్కడ ఆగి ఐగెన్ విలువను రెండు రకాలుగా తీసి చూడండి. అంశాల నిష్పత్తి తీసుకుంటే ఒకచోట 3.4, ఇంకోచోట 3.4286. అదే రేలీ నిష్పత్తి, అంటే వెక్టర్‌ను మ్యాట్రిక్స్ ఫలితంతో డాట్ చేసి వెక్టర్ డాట్ వెక్టర్‌తో భాగిస్తే, 338 ÷ 99 = 3.414141. అసలు విలువ 3.414214. సౌష్ఠవ మ్యాట్రిక్స్ అయితే ఎప్పుడూ రేలీ నిష్పత్తే వాడండి.

1. వెక్టర్ పొడవును 1 చేయండి. అసలు వెక్టర్ 1, −1.414214, 1. దాని పొడవు 2. భాగిస్తే 0.5, −0.707107, 0.5.

2. ఈ వెక్టర్ నిలువు రూపాన్ని అడ్డ రూపంతో గుణిస్తే 3×3 మ్యాట్రిక్స్ వస్తుంది. దాన్ని 3.414214తో గుణించి, ఇచ్చిన మ్యాట్రిక్స్‌లోంచి తీసేయండి. హోటెలింగ్ పద్ధతి అంటే ఇదే.

1.146447 0.207107 −0.853553
0.207107 0.292893 0.207107
−0.853553 0.207107 1.146447

3. ముందు తనిఖీ, తర్వాతే పవర్ మెథడ్. కొత్త మ్యాట్రిక్స్‌ను పాత వెక్టర్‌తో గుణిస్తే సున్నాలు రావాలి. వికర్ణం మొత్తం 6 − 3.414214 = 2.585786 కావాలి. పైదాంట్లో 2.585787 వచ్చింది, చాలు.

4. కొత్త మ్యాట్రిక్స్ మీద 1, 0, 0 తో మొదలుపెట్టండి. 1.146, 1.819, 1.942 అంటూ 2 వైపు వెళుతుంది. వెక్టర్ 1, 0, −1.

ఇందులో రెండు గోతులున్నాయి. ఒకటి, పవర్ మెథడ్‌లో పెద్ద అంశాన్ని 1 చేసే అలవాటు. ఆ అలవాటుతో 0.707107, −1, 0.707107 ను అలాగే వాడేస్తారు. దాని డాట్ లబ్ధం 1 కాదు, 2. అప్పుడు ఐగెన్ విలువ సున్నా అవడానికి బదులు 3.414214 − 2 × 3.414214 = −3.414214 అయి కూర్చుంటుంది. రెండో రౌండులో అదే వెక్టర్, గుర్తు మారిన అదే విలువ వచ్చాయంటే కారణం ఇదే, ఇంకెక్కడా వెతక్కండి.

రెండోది ఇంకా మోసకారి. కొత్త మ్యాట్రిక్స్ మీద కూడా 1, 1, 1 తోనే మొదలుపెట్టండి. ఒక్క అడుగులో 0.5, 0.707107, 0.5 వస్తుంది, ఐగెన్ విలువ 0.585786. అంత శుభ్రంగా వచ్చేసరికి రెండో పెద్ద విలువ అదే అని రాసేస్తారు. 1, 1, 1 వెక్టర్ 1, 0, −1 కు లంబంగా ఉంది కాబట్టి పవర్ మెథడ్‌కు ఆ దిక్కే కనిపించదు. 0, 1, 0 తో మొదలుపెట్టినా అంతే. వికర్ణం మొత్తం నుంచి పట్టుకోవచ్చు: 6 − 3.414214 − 0.585786 = 2, ఇది 0.585786 కన్నా పెద్దది, అంటే మధ్యలో ఒకటి జారిపోయింది. మొదలు వెక్టర్‌ను ఎప్పుడూ వంకరటింకర అంకెలతో పెట్టుకోండి, 1, 0.3, −0.8 లాగా.

పెద్ద మ్యాట్రిక్స్, అందులో ఎక్కువ సున్నాలు ఉంటే రెండో అడుగు చేయవద్దు, సున్నాలన్నీ నిండిపోతాయి. ఉన్న మ్యాట్రిక్స్‌తోనే గుణించి, వచ్చిన వెక్టర్‌లోంచి పాత ఐగెన్ వెక్టర్ దిక్కున ఉన్న భాగాన్ని తీసేయండి. ఇది ప్రతి అడుగులోనూ చేయాలి. మొదట్లో ఒక్కసారి తీసి ఊరుకుంటే రౌండింగ్ తప్పుల దారిన అది మళ్లీ లోపలికి వచ్చి పెరిగిపోతుంది.

ఇంటి లెక్కకు కావాల్సింది చిన్న ఐగెన్ విలువ, పవర్ మెథడ్ ఇచ్చేది పెద్దది. అందుకని ఆ ఇంటి మ్యాట్రిక్స్‌కు (పైన చూసిన పరీక్ష మ్యాట్రిక్స్‌కు కాదు) విలోమం తీసుకోండి. అదృష్టవశాత్తూ అది సులువైనది: 1 1 1, 1 2 2, 1 2 3. దాని పెద్ద ఐగెన్ విలువ 5.0489, దాన్ని తిరగేస్తే 0.198062.

సౌష్ఠవం లేని మ్యాట్రిక్స్

కందుకూరు వైపు ప్రతి ఏడాదీ పొగాకు రైతుల్లో 80 శాతం పొగాకులోనే ఉండి 20 శాతం శనగకు మారతారని, శనగ రైతుల్లో 40 శాతం పొగాకుకు వచ్చి 60 శాతం శనగలోనే ఉంటారని అనుకుందాం. అంకెలు ఊహించినవే. దశాంశాలు పోవడానికి 5తో గుణిస్తే:

4 1
2 3

ఐగెన్ విలువ 5, వెక్టర్ 1, 1. హోటెలింగ్ పద్ధతే వాడితే 1.5 −1.5, −0.5 0.5 వస్తుంది. దీని ఐగెన్ విలువ 2 సరైనదే. కానీ వెక్టర్ 3, −1 తప్పు. ఇచ్చిన మ్యాట్రిక్స్‌తో గుణిస్తే 11, 3 వస్తుంది. విలువ ఒప్పు, వెక్టర్ తప్పు అనే ఈ తేడాను గమనించక చాలామంది రెండూ రాసేస్తారు.

ఇక్కడ వీలాంట్ పద్ధతి వాడండి. ఒక వరసను ఎంచుకోండి, మొదటి వరస 4, 1 అనుకుందాం. ఆ వరసకు ఎదురుగా ఐగెన్ వెక్టర్‌లో ఉన్న అంశం సున్నా కాకూడదు, వీలైతే అన్నిటికన్నా పెద్దది కావాలి. వెక్టర్‌ను ఆ అంశంతో భాగించి, ఈ వరసతో గుణించి తీసేయండి:

0 0
−2 2

మొదటి వరస సున్నా అయింది కాబట్టి మొదటి వరస, మొదటి నిలువు కొట్టేయండి. మిగిలింది 2, అదే రెండో ఐగెన్ విలువ. 5తో భాగిస్తే 0.4, అంటే సమతౌల్యం నుంచి ఉన్న దూరం ఏటా 40 శాతానికి తగ్గుతుంది. వెక్టర్ కావాలంటే కొట్టేసిన చోట సున్నా పెట్టి 0, 1 రాసి, దాన్ని రెండు ఐగెన్ విలువల తేడాతో, 2 − 5 = −3 తో, గుణించండి. ఎంచుకున్న వరసను దానితో డాట్ చేస్తే 1. ఈ 1తో పాత వెక్టర్ 1, 1 ను గుణించి కలపండి: 0, −3 కు 1, 1 కలిపితే 1, −2. సరిచూడండి: 4 − 2 = 2, 2 − 6 = −4. సరిగ్గా రెండింతలు. పాత వెక్టర్‌ను ముందే ఎంచుకున్న అంశంతో భాగించి ఉంటేనే ఈ కూడిక సరిపోతుంది.

ఎక్కడ ఆపాలి

చేతి లెక్కలో రెండు మూడు ఐగెన్ విలువల తర్వాత డిఫ్లేషన్ కొనసాగించకండి, ఒకదాని తప్పు ఇంకోదానిలోకి పేరుకుంటుంది. అన్నీ కావాలంటే ఐగెన్ విలువలన్నిటినీ కలిపి తీసే క్యూఆర్ పద్ధతికి మారండి. బహుపదుల్లోనూ కొన్ని లెక్కలకు మెరుగుపెట్టడం కూడా మందు కాదు. 1 నుంచి 20 దాకా రూట్లున్న విల్కిన్సన్ బహుపదిలో −210 అనే గుణకాన్ని సుమారు 0.00000012 మార్చితే 16, 17 అనే రూట్లు 16.73 ± 2.81ఐ అయిపోతాయి. గుణకాలు తెగ్గోసిన క్షణంలోనే అక్కడ సమాచారం పోయింది.

జవాబును కంప్యూటర్‌తో పోల్చుకునేటప్పుడు ఒక జాగ్రత్త. పైథాన్ లైబ్రరీ నంపైలో రూట్స్ ఫంక్షన్ డిఫ్లేషన్ చేయదు, గుణకాలతోనే కంపానియన్ మ్యాట్రిక్స్ అనేదాన్ని కట్టి దాని ఐగెన్ విలువలన్నీ ఒకేసారి తీస్తుంది. అందుకని మీ చేతి లెక్కకూ దానికీ ఆరో దశాంశంలో తేడా వస్తే పట్టించుకోకండి, మూడో దశాంశంలో వస్తే శేషం దగ్గరికి తిరిగి వెళ్లండి. రూట్స్ ఫంక్షన్‌కు గుణకాలు పెద్ద ఘాతం నుంచి ఇవ్వాలి, అదే నంపైలోని పాలినామియల్ క్లాస్‌కు స్థిర పదం నుంచి ఇవ్వాలి. ఇంటి లెక్కకు 5.0489, 0.6431, 0.3080 వచ్చాయంటే గుణకాలు తలకిందులుగా ఇచ్చారు. అవి మీ రూట్ల విలోమాలు.